చనిపోయిన మనిషి ఫోన్‌కు వచ్చిన నోటీసులు

పట్టుగూటికి జీఎస్టీ లేదు. గూటి నుంచి తీసిన ముడిపట్టుకూ లేదు. ఆ పట్టును మెలిపెట్టి దారం చేస్తే 5 శాతం, దారంతో చీర నేస్తే మళ్లీ 5 శాతం. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెరిగి, నడివయసుకు సొంతంగా ఎనిమిది మగ్గాలు ఆడించిన మా మామకు ఈ నాలుగు ముక్కలు వరసగా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. చెప్పేవాడొకడు పుంగనూరులో ఉండేవాడు. మామ ఆయన్ను వద్దనుకున్నాడు.

మా అమ్మకు వరసకు తమ్ముడు, నాకు మామ. పేరు రాయను. ఆయన తాగలేదు, పేకాట ఆడలేదు, దారం ఇచ్చినవాళ్లకు బాకీ ఎగ్గొట్టలేదు. పన్ను ఎగ్గొట్టాలని కూడా ఏనాడూ అనుకోలేదు. అడిగినప్పుడల్లా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అయినా వ్యాపారం పోయింది. పన్నువల్ల పోయిందని మా పేటలో చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. పన్ను లెక్క చూసే మనిషిని ఎంచుకోవడంలో పోయింది. అదీ రెండుసార్లు.

మామను తప్పుపట్టే ముందు ఆయన పెరిగిన కాలం చూడాలి. మదనపల్లె అంటే టమోటా మార్కెట్. తెల్లవారుజామున యార్డులోకి లారీలు దిగుతాయి, వేలం అరుపులు మొదలవుతాయి, మధ్యాహ్నానికి సరుకు ఏ రాష్ట్రానికో పోతుంది. తాజా టమోటాకు పన్ను లేదు. బట్ట సంగతీ దాదాపు అంతే. 1957లో కేంద్రం తెచ్చిన ఏర్పాటు ప్రకారం బట్టకు అమ్మకం పన్ను బదులు అదనపు ఎక్సైజ్ సుంకం మిల్లు దగ్గరే పడేది. మగ్గం మీద నేసేవాడి గుమ్మం దాకా సేల్స్ టాక్స్ రాలేదు. అందువల్ల అటు మండీలోనూ, ఇటు మగ్గాల వీధిలోనూ పన్ను లెక్క అన్నది వేరేవాళ్ల తలనొప్పిగానే ఉండిపోయింది. అలాంటి వీధిలోకి 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ నెలలో సూరత్ బట్టల వ్యాపారులు కొట్లు మూసి వీధుల్లోకి వచ్చారు. మా వీధిలో ఎవరూ రాలేదు. ఇది తమకు కూడా వర్తిస్తుందని అప్పటికి చాలామందికి తెలియలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మా సీమలో లెక్క అంటే కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది గానీ, రాతకోతలు తెలిసిన ఒక మనిషికి కాగితాలన్నీ అప్పజెప్పి మనం నిశ్చింతగా ఉండే అలవాటు రద్దు కాలేదు. మామ నాన్న కరణానికి వేలిముద్ర వేసి ఇచ్చిన మనిషి. మామ సంతకం పెట్టగలడు. అంతే తేడా.

నిజానికి మామ వ్యాపారం ఏడాదికి ముప్పై లక్షల లోపే. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నిబంధన 2019లో వచ్చింది. తిరుపతికో కడపకో అమ్ముకునేవాడైతే అప్పుడు నంబరు వదిలేసుకుని హాయిగా బతికేవాడు. కానీ ఆయన చీరలు పోయేది బెంగళూరు చిక్‌పేటకు. రాష్ట్రం సరిహద్దు దాటి అమ్మేవాడికి ఆ 40 లక్షల వెసులుబాటు వర్తించదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మా మూడు ఊళ్లకూ సరిహద్దే బతుకు. మదనపల్లె నుంచి గట్టిగా రెండు గంటలు ప్రయాణం చేస్తే కర్ణాటకలో మంచి దూరమే పోయి ఉంటాం. కుప్పమైతే ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. అక్కడి అంగళ్లలో ఒకే గంటలో మూడు భాషల్లో బేరం నడుస్తుంది. కుప్పంలో మా బంధువుల అంగడి ఒకటుంది. వాళ్లు జీఎస్టీ తీసుకునేటప్పుడు వాళ్ల ఆడిటర్ మొట్టమొదట అడిగింది, సరుకు టెంపోలో వేసి కృష్ణగిరి వైపు పంపుతారా, కొన్నవాడే వచ్చి తీసుకుపోతాడా అని. అది రాష్ట్రం లోపలి అమ్మకమా, బయటి అమ్మకమా అన్నది ఆ ప్రశ్నతో ముడిపడి ఉంది. మామను ఆ ప్రశ్న అడిగినవాడు పుంగనూరాయన.

పుంగనూరులో మామ అల్లుడు ఒక చిన్న వ్యాపారం చేస్తాడు. తన లెక్కలు చూసే ఆయన దగ్గరికి మామను తీసుకుపోయాడు. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదైన మనిషి, అంతకు ముందు చాలా ఏళ్లు సేల్స్ టాక్స్ పని చేసిన అనుభవం. ఆయన మామను చాలాసేపు కూర్చోబెట్టాడు. దారం ఎక్కడ కొంటారు, బిల్లు ఇస్తారా, జరీ ఎవరిది, నేసేవాళ్లకు కూలి చేతికిస్తారా బ్యాంకులోనా, చిక్‌పేటలో ఎంతమందికి అమ్ముతారు, తిరిగొచ్చిన చీరలు ఏం చేస్తారు. నెలకు రెండు వేలు ఫీజన్నాడు. ప్రతి నెలా మొదటి వారంలో బిల్లులు తీసుకుని మామే రావాలి, తన పక్కన కూర్చుని అంకెలు చూసి వెళ్లాలి అన్నాడు. ఓటీపీ మామ ఫోన్‌కే వస్తుందని చెప్పాడు.

మామ విసుక్కుంటూ తిరిగొచ్చాడు. "పిల్లనిచ్చేవాడు అడిగినట్టు అడుగుతాండాడప్పా. డబ్బిచ్చి మళ్లా నేనే పోయి కూర్చోవాల్నంట. ఇంగ ఆయనెందుకు?"

ఆ మాటను నేను చాలాసార్లు తలుచుకున్నాను. మామ ఎక్కడ తప్పటడుగు వేశాడంటే నేను అక్కడే వేలు పెట్టి చూపిస్తాను. అన్ని ప్రశ్నలు అడిగేవాడు దొరకడమే అదృష్టం. మామకు అది భారంలా తోచింది.

భారం తీసేస్తానన్నవాడు బస్టాండ్ దగ్గర దొరికాడు. బీకాం చదివిన కుర్రాడు, మా వీధిలో పుట్టి పెరిగినవాడు. ఒక గది, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. పాన్ కార్డుల నుంచి ఇన్‌కం టాక్స్ రిటర్నుల దాకా అన్నీ చేసేవాడు. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కాలేదు. అడగాలని ఎవరికీ తెలియదు. నెలకు ఐదొందలు. "నువ్వు మగ్గం చూసుకో మామా. ఆ కంప్యూటర్ గొడవ నాకొదిలెయ్. నిన్ను ఒక్కసారి కూడా నా రూముకు రానియ్యను" అన్నాడు. ఆ అబ్బాయి మోసగాడు కాదు. ఈ కథలో ఇది గుర్తుంచుకోవాలి. మామ అంటే వాడికి నిజంగానే ప్రేమ. కష్టం కలగకూడదనే రిజిస్ట్రేషన్‌లో మామ ఫోన్ నంబరు బదులు తన నంబరు పెట్టాడు, తన ఈమెయిల్ పెట్టాడు. లేకపోతే ప్రతిసారీ ఓటీపీ కోసం ఫోన్ చేయాలి కదా.

దేశమంతా ఇలాగే జరిగింది. మధ్యవర్తులు తమ నంబర్లు పెట్టుకున్నారని, తర్వాత వివరాలు ఇవ్వడం లేదని వ్యాపారుల నుంచి ఫిర్యాదులు రావడంతో 2018లో కేంద్ర ఆర్థిక శాఖే ప్రకటన ఇచ్చింది. వ్యాపారి తన పరిధిలోని పన్ను అధికారి దగ్గరికి గుర్తింపు పత్రాలతో వెళ్తే నంబరు మార్చి ఇస్తారని చెప్పింది. నిజానికి పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకుండానే పని చేయించుకునే దారి మొదటి నుంచీ చట్టంలో ఉంది. నమోదైన ప్రాక్టీషనర్‌కు తన సొంత లాగిన్ ఉంటుంది. మనం పోర్టల్‌లో ఆయనకు అధికారం ఇస్తాం, వద్దనుకుంటే తీసేస్తాం. మన తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. జీఎస్టీ చట్టం 48వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా స్పష్టంగా రాసిపెట్టారు. ప్రాక్టీషనర్ వేసిన రిటర్నులో తప్పుంటే ఆ బాధ్యత వ్యాపారిదే. నమోదైన ప్రాక్టీషనర్ సంగతే అదైతే, బస్టాండ్ గదిలో చేయించుకున్నదాని గురించి చెప్పేదేముంది?

మొదటి తప్పు మొదటి నెలలోనే పడింది. సులువుగా ఉంటుందని మామను కాంపొజిషన్ స్కీములో వేశాడు. టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టేస్తే చాలు, అప్పట్లో మూడు నెలలకొక రిటర్ను. చిల్లర అంగడికి బాగానే ఉంటుంది. కానీ కాంపొజిషన్‌లో ఉన్నవాడు పొరుగు రాష్ట్రానికి అమ్మకూడదు, బిల్లులో పన్ను వేయకూడదు. మామ అమ్మకమంతా పొరుగు రాష్ట్రానికే. చిక్‌పేట షాపువాళ్లు ఐజీఎస్టీ, అంటే పొరుగు రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ, వేసిన బిల్లు కావాలని గట్టిగా అడిగేదాకా ఈ సంగతి ఇద్దరికీ తెలియలేదు. 2018లో దాన్నుంచి బయటికి తెచ్చి మామూలు పద్ధతిలోకి మార్చాడు. మారినప్పుడు ఇంట్లో ఉన్న దారం స్టాకు మీద కట్టిన పన్నును క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అందుకు 30 రోజుల్లో ఒక ఫారం వేయాలి. వేయలేదు.

రెండో తప్పు ఇంకా లోతైంది. నెలనెలా పన్ను కట్టే 3బి రిటర్ను వేసేవాడు గానీ, ఏ బిల్లు ఎవరికి రాశామో చెప్పే జీఎస్టీఆర్-1 వేళకు వేసేవాడు కాదు. మనం జీఎస్టీఆర్-1లో చూపిస్తేనే కొన్నవాడి పోర్టల్‌లో ఆ బిల్లు కనిపిస్తుంది, కనిపిస్తేనే వాడి పన్ను వాడికి తిరిగి వస్తుంది. చిక్‌పేట షాపు ముందు ఆ 5 శాతం పట్టుకుని మిగతాది ఇవ్వడం మొదలుపెట్టింది. మామ దాన్ని బేరమాడటం అనుకున్నాడు. నా దగ్గర ఆ షాపువాళ్ల చీటీ ఒకటుంది. మామ బీరువాలోంచి తీసి ఇచ్చాడు. కన్నడ అక్షరాల మధ్య అంకెలు, కింద ఎర్ర ఇంకుతో ఒక గీత, గీత పక్కన మినహాయించిన మొత్తం. మూడేళ్లు ఆ గీత పక్కన అంకె పెరుగుతూ వచ్చింది. మామ వాటన్నిటినీ జాగ్రత్తగా రబ్బరు బ్యాండు వేసి దాచాడు. ఒక్కటీ ఎవరికీ చూపించలేదు.

2021 మే నెలలో ఆ అబ్బాయి కరోనాతో చనిపోయాడు. ముప్పై రెండేళ్లు. మదనపల్లెలో బెడ్ దొరకలేదు, తిరుపతి తీసుకుపోయేలోపే పోయాడు. మామ రెండు రోజులు అన్నం తినలేదు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి, పడుగు మగ్గం మీదే దుమ్ము పట్టింది. గది యజమాని కంప్యూటర్‌ను ఆ అబ్బాయి ఇంటికి పంపాడు. ఆ ఇంట్లో పాస్‌వర్డులు ఎవరికీ తెలియవు. ఫోన్ కొన్నాళ్లు రీచార్జ్ లేక మూగబోయింది. తర్వాత ఆ నంబరే లేకుండా పోయింది.

అప్పటి నుంచి మామ పేరున వచ్చినవన్నీ ఆ నంబరుకూ ఆ ఈమెయిల్‌కూ వచ్చాయి.

వ్యాపారమే లేనప్పుడు పన్నేముందని మామ అనుకున్నాడు. ఎవరైనా అనుకుంటారు. కానీ అమ్మకం సున్నా అయినా సున్నా అని రాసి రిటర్ను వేయాలి. అది వేసి ఉంటే పోయేదేమీ లేదు. ఆలస్యమైనా, 2021 జూన్ నుంచి నిల్ రిటర్నుకు రుసుము 500 రూపాయలు, చిన్న వ్యాపారి మామూలు రిటర్నుకు 2,000 దాటకుండా పరిమితి పెట్టారు. ఆ చిన్న మొత్తాలు కట్టేవాడు లేక పెద్ద యంత్రం కదిలింది. రిటర్ను వేయలేదని ముందు గుర్తుచేసే నోటీసు. జవాబు లేకపోతే 62వ సెక్షన్ కింద అధికారి తన దగ్గరున్న సమాచారాన్ని బట్టి పన్ను నిర్ణయిస్తాడు. పాత నెలల అమ్మకాలు చూసి ఒక్కో నెలకు ఒక్కో ఉత్తర్వు వేశారు. దారం కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో తగ్గదు. ఆ ఉత్తర్వు వచ్చాక కూడా, గడువులోగా అసలు రిటర్ను వేస్తే ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది. ఆరు నెలలు వరసగా రిటర్నులు లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. 2022 మధ్యలో అదీ అయ్యింది.

అధికారులను నిందించి ఊరుకుంటే మామకు న్యాయం జరగదు. కాగితం ఇంటికి రాలేదని నేను కూడా మొదట కోపంగా అడిగాను. 169వ సెక్షన్ ప్రకారం నోటీసు పోర్టల్‌లో పెడితే అందినట్టే. ఒక నేతగాడి గుమ్మం ముందు ఒక మనిషి వచ్చి నిలబడి చెప్పాల్సిన సంగతిని చట్టం ఇలా తేలిగ్గా తేల్చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయితే ఆ పోర్టల్‌లోనే ఇంకో సదుపాయం ఉంది. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా, ఎవరైనా, ఎవరి జీఎస్టీ నంబరైనా కొట్టి చూడొచ్చు. రిజిస్ట్రేషన్ బతికి ఉందా, ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారు, అన్నీ పట్టీలా కనిపిస్తాయి. చిక్‌పేట షాపు గుమాస్తా చూశాడు. దారం అంగడివాడు చూసి ఉండొచ్చు. రోజూ రాత్రి మనవడితో కూర్చుని తన ఫోన్‌లో పాటలు చూసిన మామ ఒక్కడే చూడలేదు.

2023 సంక్రాంతి దాటాక చిక్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. మగ్గాలు మళ్లీ ఆడుతున్నా, అప్పటికి ఏడాదిగా వాళ్లు ఆర్డర్లు తగ్గించుకుంటూ వచ్చారు. మొగమాటం కొద్దీ కారణం చెప్పలేదు. ఆ రోజు చెప్పారు, మీ నంబరు క్యాన్సిల్ అయిందంట అని.

భయంలో మనిషి వెతికేది తెలివైనవాణ్ణి కాదు, ధైర్యం చెప్పేవాణ్ణి. ఎవరో ఒకాయన పేరు చెప్పారు. "ఆఫీసులో మనోళ్లుండారు, వారం రోజుల్లో నంబరు తెచ్చిపెడతా" అన్నాడు. ముప్పై వేలు తీసుకున్నాడు. మామ అడిగినప్పుడల్లా "పెట్టేసినా అన్నా, పైన పెండింగ్‌లో ఉంది" అనేవాడు. రసీదు లేదు, అప్లికేషన్ నంబరు లేదు. ఏదైనా అప్లికేషన్ వేస్తే ఏఆర్ఎన్ అనే నంబరు వస్తుందని, అది అడిగితే చాలని మామకు తెలియదు. నాకు మాత్రం తెలిసేదా? నేనూ ఆయన మాటే నమ్మాను.

అది ఏ ఏడాది జరిగిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సరిగ్గా ఆ 2023 మార్చి 31న కేంద్రం ఒక తలుపు తెరిచింది. రిటర్నులు వేయక 2022 డిసెంబరు 31 లోపు రద్దయిన రిజిస్ట్రేషన్లను, బాకీ రిటర్నులు వేసి పన్ను కడితే తిరిగి తెచ్చుకోవచ్చు. 62వ సెక్షన్ కింద ఫిబ్రవరి 28 లోపు వేసిన ఉత్తర్వులు కూడా, రిటర్నులు వేసి వడ్డీతో కడితే రద్దయినట్టే. ముందు జూన్ 30 వరకన్నారు, తర్వాత ఆగస్టు 31కి పొడిగించారు. ఐదు నెలలు. మామ కేసుకు కొలతలు తీసి కుట్టినట్టుంది ఆ ఏర్పాటు. నెలనెలా ఎదురుగా కూర్చుని అంకెలు చూసే మనిషి ఎవరైనా ఉంటే, మదనపల్లెలోనో పుంగనూరులోనో, ఒక్క పూటలో చెప్పి ఉండేవాడు. మామ అసలు కట్టాల్సింది క్రెడిట్ పోను యాభై వేల దగ్గర. ఆ డబ్బు ఆయన దగ్గర ఉంది.

ఆగస్టు 31 గడిచిపోయింది.

అక్టోబరులో, దసరా ముందు, దారం అంగడికి ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. మామతో నేనూ బ్యాంకుకు వెళ్లాను. మేనేజరమ్మ డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీసి మా వైపు తిప్పింది. పైన డీఆర్‌సీ-13 అని ఉంది. మీ దగ్గరున్న ఇతని డబ్బును ప్రభుత్వానికి జమ చేయండి అని బ్యాంకుకు రాసిన నోటీసు. నాలుగు లక్షల చిల్లర. మామ ఆ కాగితాన్ని తీసుకోకుండా బల్ల మీదే ఉంచి, తన పేరు రాసి ఉన్న చోట వేలు పెట్టాడు. "ఇది నా పేరే కదమ్మా?" అని అడిగాడు. ఆమె తలూపింది. పెళ్లిళ్ల సీజన్ ముందు, దారం కొనాల్సిన రోజుల్లో, కరెంట్ అకౌంట్ ఆగిపోయింది. చెక్కు తిరిగొచ్చిందన్న మాట సాయంత్రానికే వీధంతా పాకింది. అప్పు మీద నడిచే మగ్గానికి అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

అప్పుడు తిరుపతిలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి వెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారు అని. మామ జవాబు చెప్పలేకపోయాడు. ఆయన ఆశలు పెట్టలేదు. అప్పీలుకు మూడు నెలలు, మన్నిస్తే ఇంకో నెల, అంతే. అది ఎప్పుడో దాటింది. ఆ నవంబరులో అప్పీళ్లకు కేంద్రం ఇంకో వెసులుబాటు ఇచ్చింది గానీ అది 73, 74 సెక్షన్ల కింద వేసిన ఉత్తర్వులకే. మామవి 62వ సెక్షన్‌వి. అప్పటికి జీఎస్టీ ట్రిబ్యునల్ పనిచేయడమే లేదు. అది మొదలయ్యేసరికి 2025 వచ్చింది. మిగిలింది అమరావతిలో హైకోర్టు. రిట్ వేయొచ్చు, కొందరికి ఊరట దొరికింది, దొరుకుతుందని మాట ఇవ్వలేను, ఖర్చు ఇంత అని లెక్క కాగితం మీద రాసి ఇచ్చాడు. రద్దయిన నంబరుకు కూడా జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను ఉంటుందని, అది ముందు వేద్దామని చెప్పాడు. ఆ గంటలో మామ తన వ్యాపారం గురించి తెలుసుకున్నంత, అంతకు ముందు ఆరేళ్లలో తెలుసుకోలేదు.

బయటికి వచ్చాక మామ అన్నది ఒకటే. "పుంగనూరాయన గూడా ఇట్లే అడిగినాడు గదరా."

అమరావతి వెళ్లలేదు. ఐదు మగ్గాలు అమ్మాడు, అత్త మెడలోవి కొన్ని పోయాయి, బాకీ తీరింది, బ్యాంకు అకౌంట్ విడుదలైంది. కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చని, ఈసారి తానే చూస్తానని తిరుపతి ఆయన చెప్పాడు. నేనూ చెప్పి చూశాను. దారం అప్పు ఇచ్చేవాళ్లు లేనప్పుడు నంబరు పెట్టుకుని ఏం చేయాలన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడాది మిగతా మూడు మగ్గాలు కూడా పోయాయి. కొడుకు బెంగళూరులో గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లాడు.

చిక్‌పేట షాపు నీరుగట్టువారిపల్లె చీరలు కొనడం మానలేదు. రెండు వీధుల అవతల ఇంకొకాయన దగ్గర కొంటోంది. మామ ఇప్పుడు ఆయన మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. మామ చేతి నేత ఎప్పటిలాగే ఉందని షాపువాళ్లు అంటారట. బిల్లు వేరే నంబరు మీద పోతోంది.